మేకు లేకుండా ఇంట్లో కుట్టుకునే మసూలా పడవ

ముందే ఒక మాట చెప్పేస్తాను. మనం చేసేది మన తూర్పు తీరంలో ఒకప్పుడు తిరిగిన మసూలా పడవకి చిన్న నమూనా, అలమారలో పట్టేంత. ఈ పడవలో ఒక్క మేకు ఉండదు, పలకల మధ్య జిగురు చుక్క కూడా ఉండదు. పలకల అంచుల్లో రంధ్రాలు వేసి, లోపల కొబ్బరి పీచు పెట్టి, దారంతో బట్ట కుట్టినట్టు కుట్టాలి. రోజుకి గంటన్నర, రెండు గంటలు కూర్చుంటే నెలా నెలన్నరలో అవుతుంది. వేగంగా కావాలనుకుంటే వేరే పడవ చేసుకోండి, నిజంగా చెప్తున్నాను, ఎందుకంటే దీన్ని జిగురుతో అతికిస్తే చూడటానికి అలాగే ఉంటుంది గానీ అది మసూలా పడవ కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే అసలు పడవ గురించి కొంచెం తెలియాలి. ఒకప్పుడు మన తూర్పు తీరంలో చాలాచోట్ల ఓడలు ఒడ్డుదాకా వచ్చే వీలు లేదు. మద్రాసులో కూడా 19వ శతాబ్దం చివర్లో రేవు గోడలు కట్టేదాకా ఇదే పరిస్థితి. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది, మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చాలంటే విరిగిపడే అలల వరసలు దాటుకుని రావాలి. ఓడలో ఉండే మేకులు కొట్టిన గట్టి పడవని ఆ అలల్లోకి దింపితే ఇసుక మీద ఒక్క దెబ్బకి పలకలు విడిపోయేవి. కుట్టిన పడవ మాత్రం దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగి, కాస్త సాగి, మళ్ళీ తన ఆకారానికి వచ్చేసేది. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండేది కాదు. మామిడి పలకలు, కొబ్బరి తాడు, కుట్ల కింద పీచు, అంతే. కుట్ల సందుల్లోంచి నీళ్ళు ఊరేవి, వాటిని తోడెయ్యడానికే ఒక మనిషి ఉండేవాడు. అది లోపం అని ఎవరూ అనుకోలేదు, వంగే గుణానికి కట్టే ధర అది.

హనుమకొండలో ఉండేవాడికి సముద్రపు పడవ ఎందుకు అని మా ఇంట్లోనే అడిగారు. నాకు మోటుపల్లి శాసనం గుర్తొస్తుంది. 1244లో ఓరుగల్లు నుంచి ఏలుతున్న గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకి అభయం ఇస్తూ వేయించిన శాసనం అది. అంతకుముందు తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకుని రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళు, నేను మాత్రం న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప ఏమీ తీసుకోను అని మాట ఇచ్చాడు. సముద్రానికి ఇంత దూరంగా, రాతికోటలో కూర్చున్న రాజు అలల్లో మునిగేవాడి గురించి ఆలోచించాడు. అప్పటి నుంచి నాకు మన ఊరికీ సముద్రానికీ సంబంధం లేదని అనిపించదు.

ఇక పనిలోకి వద్దాం.

కొలతలు

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మద్రాసు తీరంలో తిరిగిన పడవలు సుమారు 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు ఉండేవి. మనకి లెక్క తేలిక కావాలి కాబట్టి 1 అడుగుకి 1 సెంటీమీటరు పెట్టుకుందాం. అంటే మన పడవ 30 సెంటీమీటర్ల పొడవు, నడిమధ్యలో పైఅంచు దగ్గర 10 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల లోతు. ఈ కొలతలో మనిషి ఐదున్నర సెంటీమీటర్లు ఉంటాడు, అర మిల్లీమీటరు దారం నిజం పడవలో ఒకటిన్నర సెంటీమీటరు మందం తాడుతో సమానం. ఇంతకంటే చిన్నగా చేయాలని చూడకండి, కుట్లు వేయడానికి వేళ్ళు లోపలికి పట్టవు.

ఆకారం ఇలా ఉంటుంది: అడుగు చదును, మామిడాకులా రెండు కొసలా సన్నబడుతుంది. 24 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో 6 సెంటీమీటర్ల వెడల్పు. దాని అంచుల నుంచి రెండు పక్కలా గోడల్లాగా మూడేసి పలకలు లేస్తాయి, పైకి పోయేకొద్దీ కొంచెం బయటికి వాలుతూ. ముందు మొన, వెనక మొన దాదాపు ఒకేలా ఉంటాయి, రెండూ మధ్యభాగం కన్నా ఓ 2 సెంటీమీటర్లు ఎత్తు. పాత మాటల్లో ముందు కొసని అణియం అని, వెనక కొసని అమరం అని అంటారు, నేను కూడా అవే వాడతాను.

కర్ర, దారం, మిగతా సామాను

కర్ర మామిడిదే తీసుకోండి. అసలు పడవకీ అదే, పైగా మన దగ్గర ఏ టింబర్ డిపోలోనైనా, ఫర్నిచర్ చేసేవాళ్ళ దగ్గరైనా ముక్కలు దొరుకుతాయి. 35 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందంతో ఎనిమిది బద్దలు కోయించుకోండి. పడవకి ఆరు చాలు, రెండు విరగడానికి. అడుగుకి 25 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క ఒకటి. మొనల దగ్గర నిలబెట్టే కర్రలకి వేలంత లావు ముక్కలు రెండు. పోగు, అంటే కర్రలో గీతలు, పొడవునా నిటారుగా ఉన్నవి ఏరుకోవాలి. ముడి ఉన్న చోట బద్ద వంగదు, విరుగుతుంది.

నేను మొదట 2 మిల్లీమీటర్లకే కోయమని అడిగాను. మిషన్ దగ్గర ఉన్న పెద్దాయన బద్దని అటూ ఇటూ తిప్పి చూసి "గింత పలుచగ కోస్తె రంపం కాన్నే పగుల్తది బిడ్డా, మూడు కోస్త, ఇంటికాడ రుద్దుకో" అన్నాడు. ఆయన మాటే సరైంది. 3 మిల్లీమీటర్లకి కోయించి, ఇంట్లో చదును పలక మీద ఉప్పు కాగితం అతికించి, బద్దని దానిమీద రుద్దుతూ 2 మిల్లీమీటర్లకి తెచ్చుకోండి. ఒక్కో బద్దకి ఇరవై నిమిషాలు పడుతుంది. బయట వరండాలో కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని రుద్దండి.

దారం విషయంలో నైలాన్ దారం వద్దు. అది జారుతుంది, మెరుస్తుంది, ముడి నిలవదు. నూలు దారం కావాలి. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ దగ్గర మిగిలిన నూలు కండెలు ఉంటాయి, అడిగితే ఇస్తారు. రెండు పోగులు కలిపి పేనితే అర మిల్లీమీటరు వస్తుంది. చిక్కటి టీ డికాక్షన్‌లో ఒక రాత్రి నానబెట్టి ఆరేస్తే కొబ్బరి తాడు రంగు వస్తుంది. ఆరాక తేనె మైనం ముక్కకి గానీ, లేదంటే కొవ్వొత్తికి గానీ రాసి లాగండి. మైనం పట్టిన దారం రంధ్రంలో ఒరుసుకుని తెగిపోదు, బిగించిన చోట నిలుస్తుంది.

పీచు కోసం పూజకి కొట్టిన కొబ్బరికాయ డొక్క చాలు. పొడవాటి పీచులు ఏరి, రాలిపోయే పొడి దులిపి, అరచేతుల మధ్య ఒత్తి, 3 మిల్లీమీటర్ల లావు వత్తుల్లా చేసి పెట్టుకోండి. దీపం వత్తి చేసినట్టే. ఆరు పొడవాటి వత్తులు కావాలి.

ఇవి కాక 1.2 మిల్లీమీటర్ల బిట్టుతో ఒక చిన్న చేతి డ్రిల్, సన్న రంపం, కట్టర్ బ్లేడు, ఓ ఇరవై బట్టల క్లిప్పులు, టూత్‌పిక్‌ల డబ్బా, పాత పెళ్లిపత్రికలు. పెళ్లిపత్రికలు ఎందుకో ఇప్పుడే చెప్తాను.

అచ్చులు, పలకల కొలత

అసలు పడవకి చట్రం లేదన్నాను కదా, కానీ కుట్టేటప్పుడు మనకి ఆకారం నిలబడాలి కాబట్టి తాత్కాలికంగా మూడు అడ్డ అచ్చులు కావాలి. 5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు చాలు. మధ్య అచ్చు కింద 6 సెంటీమీటర్లు, పైన 10, ఎత్తు 7. దానికి రెండు వైపులా 7 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టే అచ్చులు కింద 4, పైన 8, ఎత్తు ఏడున్నర. వీటి పక్క అంచుల్లో పలకలు కలిసే చోట్లా, కింది మూలల దగ్గరా అర సెంటీమీటరు లోతు గాడి కోసి వదలండి. పీచు వత్తి ఆ గాడిలోంచి వెళ్తుంది. నేను మొదటిసారి గాళ్ళు కోయడం మర్చిపోయి, సగం కుట్టాక అచ్చులు అడ్డొచ్చి, వేసిన కుట్లన్నీ విప్పాల్సి వచ్చింది. ఈ ఒక్కటి మర్చిపోకండి.

అచ్చుల్ని అడుగు పలక మీద నిలబెట్టి రెండువైపులా అతుక్కునే టేపుతో పట్టించండి. అణియం, అమరం కర్రలు 10 సెంటీమీటర్ల పొడవు తీసుకుని, లోపలి వైపు పలకలు ఆనేలా రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి, అడుగు పలక కొసలకి కొంచెం బయటికి వాలేలా ఆనించాలి. ఒక్కో కర్రనీ అడుగు పలకకి నాలుగు రంధ్రాలతో గట్టిగా కట్టేయండి. పైన కర్ర నుంచి కర్రకి 30 సెంటీమీటర్లు ఉండాలి.

ఇప్పుడు పెళ్లిపత్రికలు. బయటికి వాలే గోడకి వేసే పలక తిన్నగా ఉండదు, విప్పి పరిస్తే అరటిపండులా వంపుగా ఉంటుంది. ఇది నమ్మడం కష్టం, కానీ నిటారు బద్దని అలాగే చుట్టబోతే కొసల దగ్గర పైకి లేచిపోతుంది. అందుకే ముందు అట్టతో కొలత తీయాలి. రెండు మూడు పత్రికలు వరసగా అతికించి, అచ్చుల మీద ఆనించి, అడుగు పలక అంచు ఎక్కడ వస్తుందో లోపలి నుంచి పెన్సిల్‌తో గీయండి. పై అంచు కోసం ప్రతి అచ్చు దగ్గరా దాని మొత్తం ఎత్తులో మూడో వంతు గుర్తు పెట్టి, ఆ గుర్తుల్ని తేలిగ్గా కలపండి. కత్తిరించి మళ్ళీ పెట్టి చూడండి. సందు లేకుండా కూర్చుంటే దాన్ని బద్ద మీద పెట్టి గీసుకోవచ్చు. ఒక పక్క కొలతే రెండో పక్కకీ వస్తుంది, తిరగేసి గీయడమే. రెండో వరస కొలత మొదటి వరస కుట్టాకే తీయండి, మూడోది రెండోది కుట్టాక. ముందే అన్నీ కోసి పెట్టుకుంటే తప్పు పోగుపడుతూ పోతుంది.

వంచడానికి మరిగిన నీళ్ళు పోసిన పొడవాటి పళ్ళెంలో బద్దని అరగంట నానబెట్టండి. తీసి వెంటనే అచ్చుల మీద పెట్టి, క్లిప్పులతో పట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున క్లిప్పులు తీస్తే ఆ వంపు దాదాపు నిలిచిపోయి ఉంటుంది. తడి ఉండగా కుట్టొద్దు. తడి బద్ద ఉబ్బి ఉంటుంది, ఆరాక కుంచించుకుపోయి కుట్లు వదులవుతాయి.

రంధ్రాలు

అంచు నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి, ఒకదానికొకటి 6 మిల్లీమీటర్ల దూరంలో, రెండు పలకల్లోనూ సరిగ్గా ఎదురెదురుగా రావాలి. గ్రాఫ్ కాగితం సన్నగా కత్తిరించి అంచు వెంబడి అతికిస్తే గుర్తులు పెట్టడం సులువు. మొత్తం ఆరు అతుకులకి కలిపి సుమారు 550 రంధ్రాలు వస్తాయి. భయపడకండి, మామిడి కర్రలో ఒక్కోదానికి ఐదారు సెకన్లు పడుతుంది.

సూదితో పొడిచి రంధ్రం చేయాలనే ఆలోచన వస్తుంది, చేయొద్దు. సూది పోగుని తొలగించి దారి చేసుకుంటుంది, వరసగా పదిచోట్ల అలా చేస్తే పలక ఆ గీత వెంబడి చీరిపోతుంది. డ్రిల్ ఆ కర్రని తీసేస్తుంది, కాబట్టి ఒత్తిడి ఉండదు. రంధ్రాల మధ్య 6 మిల్లీమీటర్ల కన్నా దగ్గర చేయకూడదనేది కూడా ఇందుకే. పలక కింద ఒక పనికిరాని చెక్క పెట్టుకుని డ్రిల్ చేస్తే అవతలి వైపు పెచ్చులు లేవవు.

కుట్టు

అసలు పని ఇదే, ఇక్కడ తొందరపడకండి.

సూది అవసరం లేదు. దారం కొసని మూడు సెంటీమీటర్ల మేర త్వరగా ఆరే జిగురులో ముంచి, ఆరాక కొసని ఏటవాలుగా కత్తిరిస్తే బూటు లేసు కొసలా గట్టిపడుతుంది. ప్రతి రంధ్రంలోంచీ దారం రెండుసార్లు వెళ్ళాలి కాబట్టి సూది పట్టే చోటు కూడా ఉండదు.

అతుకు మధ్యలో మొదలుపెట్టండి, కొస నుంచి కాదు. కొస నుంచి కుట్టుకుంటూ వస్తే ప్రతి కుట్టూ పలకని వెంట్రుకవాసి ముందుకి లాగుతుంది, అవతలి కొసకి వచ్చేసరికి రంధ్రాలు ఎదురెదురుగా ఉండవు. మధ్య నుంచి అణియం వైపు ఒకసారి, మళ్ళీ మధ్య నుంచి అమరం వైపు ఒకసారి. ఒక్కో సగానికి మీటరున్నర దారం తీసుకోండి. ఎక్కువైతే చిక్కుపడుతుంది.

పీచు వత్తిని అతుకు మీద లోపలి వైపు పరచండి. దారాన్ని లోపలి నుంచి కింది రంధ్రంలోంచి బయటికి తీయండి. బయట నిటారుగా పైకి వెళ్ళి పై పలక రంధ్రంలోంచి లోపలికి. లోపల వత్తి మీదుగా ఏటవాలుగా దిగి, పక్కనున్న కింది రంధ్రంలోంచి మళ్ళీ బయటికి. ఇదే కదలిక చివరిదాకా. చివరి పై రంధ్రంలోంచి లోపలికి వచ్చాక వెనక్కి తిరగండి: వత్తి మీదుగా ఏటవాలుగా, దాటొచ్చిన కింది రంధ్రంలోకి, బయట పైకి, లోపలికి, అలాగే వెనక్కి. తిరుగు కుట్టు మొదటి ఏటవాలుని అడ్డంగా దాటుతుంది కాబట్టి లోపల వత్తి మీద కత్తెర గుర్తుల వరస పడుతుంది. బయట మాత్రం పొట్టి నిలువు గీతలే కనిపిస్తాయి. ఆ వరస మొదటిసారి పూర్తయి కనిపించిన రోజు నేను దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

బిగింపు ఎలా? ప్రతి కుట్టుకీ లాగుతాం గానీ, తర్వాతి కుట్టు వేసేలోపు అది వదులవుతుంది. దీనికి టూత్‌పిక్‌లు. దారం లాగి పట్టుకుని, ఆ రంధ్రంలో టూత్‌పిక్ కొస దూర్చి బిగించండి, తర్వాతి కుట్టు లాగాక దాన్ని తీసి ముందుకి పెట్టండి. ఒక చేత్తో దారం, ఒక చేత్తో పుల్ల, మొదటి గంట చిరాగ్గా ఉంటుంది, ఆ తర్వాత చేతికి లయ దొరుకుతుంది. ఎంత బిగించాలి అంటే, వత్తి సగానికి అణిగిపోయి పలకల మధ్య వెలుతురు కనిపించకుండా ఉండాలి. అంతకు మించి లాగితే దారం కర్రని కోస్తుంది. నూలుని తడిపి బిగించకండి, తడిసినప్పుడు బిగుసుకుంటుంది, ఆరితే వదిలేస్తుంది.

కొసల్లో పలకల చివర్లని అణియం కర్రకీ అమరం కర్రకీ నాలుగైదు కుట్లతో కలపాలి. అక్కడ రెండు పక్కల పలకల దారమూ కర్రలో ఒకే రంధ్రంలోంచి వెళ్తే గట్టిగా ఉంటుంది. రోజుకి సగం అతుకు మించి కుట్టకండి. అలసిపోయిన వేళ్ళు బిగింపు మార్చేస్తాయి, అది తర్వాత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

జిగురు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. నా మొదటి పడవకి పైకి కుట్లు వేసి, అతుకుల్లో చెక్క జిగురు కూడా పెట్టాను, గట్టిగా ఉంటుందని. జనవరిలో అయిపోయింది, పడమటి గోడ దగ్గర అలమారలో పెట్టాను. మే నెల ఎండలు మీకు తెలుసు కదా. ఒక మధ్యాహ్నం టప్పుమని శబ్దం వచ్చింది, చూస్తే రెండో పలక అతుకు దగ్గర కాకుండా నడిమధ్యలో పొడవునా చీలి ఉంది. కర్ర ఎండకి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. అంచులు రెండూ జిగురుతో బిగుసుకుపోయి ఉంటే కుంచించుకోవడానికి చోటు లేక తనను తానే చీల్చుకుంటుంది. జిగురు లేకుండా కుట్టిన రెండో పడవ అదే అలమారలో ఉంది. ఎండాకాలంలో అతుకుల దగ్గర వెంట్రుకంత సందు వస్తుంది, వానలు పడ్డాక మూసుకుంటుంది. పీచు ఆ ఆటనంతా మింగేస్తుంది. సముద్రంలో అలల దెబ్బకి చేసిన పనినే మన ఇంట్లో ఎండ దెబ్బకి చేస్తోంది.

2025లో మన నౌకాదళంలో చేరిన కౌండిన్య ఓడని కూడా ఇలాగే కుట్టారు, అజంతా గుహల్లోని 5వ శతాబ్దపు బొమ్మలో ఉన్న ఓడని చూసి. కేరళ పనివాళ్ళు కొబ్బరి తాడుతో పలకలు కుట్టారు. దాని ఫొటోల్లో లోపలి భాగం దొరికితే చూడండి, మీరు వేసే కుట్టు అక్కడ చెయ్యంత పెద్దగా కనిపిస్తుంది.

అడ్డపట్టెలు, నూనె, తెడ్లు

అచ్చులు తీసేముందే అడ్డపట్టెలు వేయాలి, లేకపోతే పడవ పైఅంచు బయటికి విచ్చుకుంటుంది. 4 మిల్లీమీటర్ల చదరపు పుల్లలు నాలుగు, అచ్చుల మధ్య ఖాళీల్లో వచ్చేలా పెట్టండి. పై పలకలో చదరపు రంధ్రం చేసి, పుల్ల రెండు కొసలూ అర సెంటీమీటరు బయటికి వచ్చేలా దూర్చి, అక్కడ దారంతో కట్టేయండి. తెడ్డు వేసేవాళ్ళు కూర్చునేది వీటి మీదే. తర్వాత అచ్చుల్ని అటూ ఇటూ కదుపుతూ నిలువుగా పైకి లాగితే వచ్చేస్తాయి.

నూనె అవిసె నూనె మాత్రమే. పెయింట్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అంటే ఇస్తారు. అది గాలికి ఆరి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె, పల్లి నూనె ఎప్పటికీ ఆరవు, జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. గుడ్డతో పలుచగా పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేసి, రెండు రోజులు ఆగి రెండోసారి. వార్నిష్ వేస్తే కుట్లన్నీ బిగుసుకుపోయి, పడ్డ కష్టమంతా ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: అవిసె నూనె పీల్చిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. విప్పి బయట ఆరేసి, పూర్తిగా ఎండాక పారేయండి.

తెడ్లు వెదురువి. నిజం పడవల్లో పొడవాటి వెదురు కర్రకి చివర గుండ్రని చెక్క కట్టేవాళ్ళు. బుట్టలు అల్లే మేదరివాళ్ళ దగ్గర సన్న వెదురు పుల్లలు దొరుకుతాయి, 14 సెంటీమీటర్లకి కోసి, రూపాయి బిళ్ళలో సగమంత చెక్కని కొసకి దారంతో కట్టండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది దాకా తెడ్డు వేసేవాళ్ళు, మన పడవకి ఎనిమిది చాలు. చుక్కాని ఉండదు. దాని బదులు అమరం దగ్గర నిలబడినవాడి చేతిలో మరింత పొడవాటి తెడ్డు, 18 సెంటీమీటర్లది ఒకటి. తెడ్లని పైఅంచుకి దారపు ఉంగరంతో వదులుగా కట్టాలి, కదిలిస్తే కదలాలి.

మనుషులు కావాలనుకుంటే నిర్మల్ పద్ధతి వాడండి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చాలా తేలిక, చాలా మెత్తన, కట్టర్ బ్లేడుతోనే చెక్కొచ్చు. ఒళ్ళు ఒక ముక్కలో, చేతులు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తే సందు కనిపించదు. జిగురు ఇంట్లోనే అవుతుంది: చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నటి మంట మీద ఉడికించాలి. పొనికి చెట్లు తగ్గిపోయి ఆ కళాకారులకే కర్ర దొరకడం కష్టంగా ఉంది, కాబట్టి మిగిలిపోయిన చిన్న ముక్కలు అడగండి, మంచి కర్ర అడగొద్దు. ఎనిమిది మంది తెడ్డు వేసేవాళ్ళు, వెనక ఒకడు, మధ్యలో వంగి నీళ్ళు తోడేవాడు ఒకడు. ఆ చివరివాణ్ణి మాత్రం వదిలేయకండి, వాడు లేకపోతే ఆ పడవ ఒడ్డు చేరేది కాదు.

నిలబెట్టడానికి నేను కాళేశ్వరం వెళ్ళినప్పుడు గోదావరి ఇసుక ఒక డబ్బాలో తెచ్చుకుని, చెక్క పలక మీద పలుచగా జిగురు పూసి చల్లాను. పడవని దానిమీద ఊరికే పెట్టాలి, అతికించకూడదు. పూర్తయ్యాక ఒకసారి రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు పెట్టి మెల్లగా నొక్కి చూడండి. లోపలికి కాస్త వెళ్ళి, చేయి తీయగానే వెనక్కి రావాలి, పీచు దగ్గర సన్నగా కిర్రుమనాలి. వెనక్కి రాకుండా అలాగే ఉండిపోతే ఎక్కడో కుట్టు వదులైంది, ఆ అతుకుని మధ్య నుంచి మళ్ళీ బిగించుకుంటూ రండి. అసలు కదలకపోతే నూనె ఎక్కువై అతుకుల్లో గడ్డకట్టింది, పొడి బ్రష్షుతో కుట్ల వెంబడి రుద్ది, ఒక వారం నీడలో ఉంచి మళ్ళీ నొక్కండి.